వాంతికి జైలు, చెవికి మినహాయింపు

తిమింగలం వాంతి సంచిలో దొరికితే కేసు, జైలు. అదే తిమింగలం తిరిగే నీళ్లలో చమురు ఉందో లేదో చూడ్డానికి బావి తవ్వితే? ముందుగా ఒక అధ్యయన నివేదిక కూడా అక్కర్లేదు.

2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ చమురు, సహజవాయు అన్వేషణను ‘ఎ’ కేటగిరీ నుంచి ‘బి2’కి దించింది. బి2 అంటే పర్యావరణ ప్రభావ నివేదిక ఉండదు, ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు తవ్వకాల మీద వాదనలకు మాత్రం కొదవలేదు. ఒకరు దేశానికి చమురు కావాలంటారు. ఇంకొకరు ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం కళేబరం ఫొటో చూపి కంటతడి పెడతారు. బి2 మాట ఇద్దరి నోటా రాదు.

వెల్దుర్తిలో కూర్చున్నవాడికి సముద్రం గొడవ ఎందుకంటారా? మా పల్నాటి సున్నపురాయి కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగే. ఆ రాయి తవ్వే పెద్ద గనికి, సిమెంటు ఫ్యాక్టరీకి షామియానా వేసి, అధికారులు వచ్చి, జనం చేతికి మైకిస్తారు. చాలాసార్లు అది తంతే. అయినా తిట్టడానికి మైకంటూ ఒకటి ఉంటుంది. ఎండిపోయిన సముద్రానికి దక్కిన ఆ పాటి మర్యాద బతికున్న సముద్రానికి లేదు.

ఇది అన్వేషణే కదా, ఉత్పత్తి దశలో నివేదిక ఉంటుందిగా అంటారు. తిరకాసంతా అక్కడే. తిమింగలానికి కంటికన్నా చెవే దిక్కు. నీలి తిమింగలం పిలుపు చాలావరకు 100 హెర్ట్జ్‌ లోపే ఉంటుంది. చమురు జాడ వెతికే సర్వే ఓడల ఎయిర్‌గన్ల మోతలో బలమంతా ఆ మంద్రస్థాయిలోనే. కొన్ని సెకన్లకోసారి, రాత్రింబవళ్లు, వారాల తరబడి. తవ్వకం లేని ఆ సర్వేలకు పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్‌లోనే షరతులతో మినహాయింపు ఇచ్చారు. ఆ తర్వాతి అన్వేషణ బావికి బి2. నివేదిక రాసే నాటికి చెవులు పగిలే మోత మోగిపోయే ఉంటుంది.

దీనికితోడు 2022లో నిషిద్ధ సముద్ర ప్రాంతాన్ని దాదాపు 99 శాతం తగ్గించి, సుమారు 10 లక్షల చదరపు కిలోమీటర్లు అన్వేషణకు తెరిచారు. అంత నీటికీ అదే బి2.

ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే, కాదనను. తవ్వొద్దనడం లేదు, చూసి తవ్వమంటున్నాను. రష్యాలోని సఖాలిన్‌ దగ్గర బూడిదరంగు తిమింగలాల మేతచోటును తప్పించడానికి 2005లో సముద్రగర్భ పైపులైనును సుమారు 20 కిలోమీటర్లు పక్కకు జరిపారు. ప్రాజెక్టు ఆగలేదు. తిమింగలాలు ఎక్కడ మేస్తాయో ముందే లెక్క తీశారు కాబట్టి జరపగలిగారు. మన బి2లో ఆ లెక్క తీసే అధ్యయనమే అడగరు. ఇక దేన్ని, ఎటు జరుపుతారు?

మా పక్కనున్న నల్లమలలో యురేనియం కోసం వెతుకుతామంటేనే 2019లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది. అదీ అన్వేషణే! అప్పుడు పులి పేరు చెప్పి అందరం గొంతు చించుకున్నాం. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఆ పులితో పాటు తిమింగలమూ ఉంది. కాకపోతే అది మన పొలం గట్టు మీద గాండ్రించదు.

అన్వేషణను తిరిగి ‘ఎ’లో పెట్టండి. చేతకాదంటారా, మొదటి షెడ్యూల్లోంచి తిమింగలం పేరు కొట్టేయండి. వాంతి అమ్ముకునేవాడికైనా జైలు తప్పుతుంది.