గేటు బయటి గాలికి లెక్కేది?

విశాఖ పాతనగరంలో గాలి ఎలా ఉందని అడిగితే ఎవరూ అంకె చెప్పరు. కిటికీ చువ్వ మీద వేలితో గీసి చూపిస్తారు. వేలికి నల్లటి పొడి అంటుకుంటుంది. పోర్టు బొగ్గు నిల్వల నుంచి ఎగిరొచ్చే ఈ దుమ్ము గురించి కోటవీధి, జ్ఞానాపురం వాసులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఆఫీసుల్లో వేలికంటిన నలుపు చెల్లదు, అంకె కావాలి.

ఆ అంకె చెప్పే యంత్రాలు చూస్తే, జాతీయ వాయు నాణ్యత సూచీలో ఊరు మొత్తానికీ చాలా ఏళ్లపాటు కనిపించింది జీవీఎంసీ పేరుతో ఉన్న ఒక్క నిరంతర కేంద్రమే. ఉత్తరాన కైలాసగిరి వరస, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి పల్లం, పగలు సముద్రపు గాలి, రాత్రి నేలగాలి. ఇలాంటి ఊళ్లో మల్కాపురం పీల్చే గాలిని ఎంవీపీ కాలనీ పీల్చదు. అందుకే చొక్కాకో బెల్టుకో తగిలించుకుని, తిరిగినచోటల్లా గాలిని కొలిచి ఫోనుకు పంపే చిన్న సెన్సర్ల మీద ఆశ పుడుతోంది. ఆ ఆశ న్యాయమైనదే.

ఈ పని తెలుగు నేల మీద ఇప్పటికే జరిగింది. హైదరాబాద్ శివారు పల్లెల్లో ‘చాయ్’ పేరుతో సాగిన అధ్యయనంలో జనం ఒంటికి గాలి మానిటర్లు తగిలించుకుని తిరిగారు. కొందరు చిన్న కెమెరాలు కూడా పెట్టుకున్నారు. పొయ్యి దగ్గర, పొగ తాగేచోట, పరిశ్రమల్లో పనిచేసేచోట ధూళి మోతాదు పెరగడం ఆ ఫొటోలతో సరిచూస్తే బయటపడింది. ఊరి గాలి సగటు ఒకటి, మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది మరొకటి.

విశాఖలోనూ ఇలాంటి పరికరం కొత్తదేం కాదు. ఉక్కు పరిశ్రమలో బ్లాస్ట్ ఫర్నేస్, కోక్ ఓవెన్ గ్యాస్ లైన్ల దగ్గరకు వెళ్లేవారు కార్బన్ మోనాక్సైడ్ మానిటర్ తగిలించుకుంటారు. అది మోగితే పని ఆపాలి, బయటకు రావాలి, లీకేజీ ఎక్కడో వెతకాలి. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41-ఎఫ్ సెక్షన్ కార్మికుడి చుట్టూ గాలిలో ఏ రసాయనం ఎంత మించకూడదో చెప్పింది. అంటే లోపల మోగిన మోతకు జవాబు చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. అదే కార్మికుడు షిఫ్టు దిగి గాజువాకలో ఇంటికెళ్తే ఆ మోతా లేదు, జవాబూ లేదు. నా వాదనంతా ఈ తేడా గురించే. గేటు లోపల యాజమాన్యం బాధ్యతగా ఉన్న కొలత, గేటు బయట జనం సొంత డబ్బుతో కొనుక్కునే వస్తువు కాకూడదు. కొన్నా ఏం లాభం? ‘గాలి బాగాలేదు, తలుపులు వేసుకోండి’ అని ఫోను చెబితే, రేకుల ఇంట్లో ఉండేవాళ్లు మే నెల ఉక్కలో తలుపులెలా వేసుకుంటారు?

అలాగని ఏ సెన్సర్ పడితే అది తెచ్చి పంచినా ప్రయోజనం లేదు. చవక సెన్సర్లలో చాలావరకు రేణువులను కాంతి చెదిరే తీరును బట్టి లెక్కిస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే సన్నటి రేణువులు నీరు పట్టి ఉబ్బుతాయి, అంకె ఉన్నదానికంటే పెరుగుతుంది. ముతక దుమ్మునేమో ఈ పరికరాలు సరిగా పట్టుకోలేవు. తీరంలో తేమకు కొదవ లేదు. బొగ్గు యార్డుల నుంచి ఇళ్లలోకి వచ్చి పేరుకునేదేమో ఎక్కువగా ముతక దుమ్మే. ఒక తప్పు అంకెను పెంచితే మరొకటి తగ్గిస్తుంది. ఫిర్యాదుదారు పట్టుకెళ్లిన లెక్కను కంపెనీ నిపుణుడు కొట్టిపారేయడానికి ఇంతకన్నా సాకు అక్కర్లేదు. ఇక 2020 మే 7 తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి లీకై ఆర్.ఆర్. వెంకటాపురాన్ని ముంచెత్తిన స్టైరీన్ లాంటి ఆవిరిని ధూళి సెన్సర్ గుర్తించజాలదు. దానికి వేరే రకం పరికరం కావాలి. ఈ సంగతి ముందే చెప్పకుండా ధూళి సెన్సర్లను రక్షణ కవచంలా అమ్మితే అది మోసమే.

సమాచారం పంచుకోవడంలోనూ ప్రమాదం ఉంది. గాలి లెక్కతోపాటు మనిషి ఎప్పుడు ఎక్కడున్నాడో కూడా నమోదవుతుంది. ఏ యూనియన్ సమావేశానికి వెళ్లాడో, ఏ ఆస్పత్రి మెట్లెక్కాడో తెలిసిపోతుంది. కాంట్రాక్టు కార్మికుడికి అది ఉద్యోగం పోయేంత విషయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి అడగమంటుంది. కానీ కాంట్రాక్టరు ఫారం ముందుపెట్టి సంతకం చేయమంటే కాదనగలిగేదెవరు? కాబట్టి బయటికిచ్చే లెక్క వీధి పేరుతో ఉండాలి, మనిషి పేరుతో కాదు. మూల సమాచారం యాజమాన్యాల చేతికి, బీమా కంపెనీల చేతికి వెళ్లకూడదు.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ ఉంది. ఆ నిధుల్లో కొంత తీసి పాతనగరం, మల్కాపురం, శ్రీహరిపురం, పెదగంట్యాడల్లో ఆశా కార్యకర్తలకు, ఆటో డ్రైవర్లకు, చేపలమ్మే ఆడవాళ్లకు పరికరాలివ్వాలి. వాళ్లు వెచ్చించే సమయానికి భత్యం ఇవ్వాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ పరికరాలను ప్రామాణిక యంత్రం పక్కన ఏడాదిపాటు, అన్ని కాలాల్లోనూ, ఉంచి సరిచూడాలి. ముతక దుమ్ముకు విడిగా ఫిల్టర్లు పెట్టి తూకం వేయాలి. ఒక వీధి లెక్క వరుసగా హద్దు దాటితే కాలుష్య నియంత్రణ మండలి వారంలోగా తన యంత్రంతో అక్కడికొచ్చి కొలవాలి, ఫలితాన్ని వార్డు సచివాలయం గోడకు అంటించాలి. ఈ నిబంధన రాతపూర్వకంగా వచ్చాకే మొదటి పరికరం పంచాలి.