లెక్కలోకి రాని కాలువ

మన జిల్లాలో చెరకు విస్తరించినది నిజాంసాగరు నీటివల్ల. మంజీర మీద ఆ ఆనకట్ట 1931లో పూర్తయింది. బోధనులో చక్కెర ఫ్యాక్టరీ 1937లో వెలిసి, 2015లో మూతబడింది. దాని కథ మరొకసారి. ఈ నెల ఆ చెరకు పొలాల మీద ఒక లెక్క చేద్దాం. అంకెలు మాత్రం నేను కల్పించినవే సుమా!

నలుగురు రైతులున్నారు. ఎకరానికి మొదటివాడు 2 బండ్ల పెంట ఎరువు తోలి 22 టన్నుల చెరకు తీశాడు. రెండోవాడు 4 బండ్లకు 24, మూడోవాడు 8 బండ్లకు 36, నాలుగోవాడు 10 బండ్లకు 38. మొదటివాడికీ నాలుగోవాడికీ తేడా 8 బండ్లు, 16 టన్నులు. బండికి 2 టన్నులు పెరుగుతుందని ఎవరైనా చెబుతారు.

ఇప్పుడొక సంగతి వినండి. మొదటి ఇద్దరివీ నీరు చాలని బావుల కింది పొలాలు. తక్కిన ఇద్దరివీ కాలువ కిందివి. ఏ జంటకా జంటను విడిగా చూడండి. 2 బండ్లు పెరిగితే 2 టన్నులే! అంటే బండికి ఒక్క టన్ను. రెండో టన్ను కాలువ పుణ్యం. నీటి భరోసా ఉన్నవాడు ఎరువుకూ ధైర్యంగా ఖర్చు పెడతాడు. అందుచేత నీరు చేసిన పని ఎరువు ఖాతాలో పడింది.

ఇది ఉత్త ఆటలెక్క కాదు. బావి రైతు 2 టన్నుల మాట నమ్మి, అప్పుచేసి ఎరువు కొన్నాడనుకోండి. అనుకున్న పెరుగుదలలో సగమే చేతికొస్తుంది. వడ్డీ మాత్రం సగం కాదు గదా!

ఇలా ఒకటి పెరిగితే మరొకటి ఎంత పెరుగుతుందో గీత గీసి లెక్కకట్టడాన్ని గణాంక శాస్త్రంలో రిగ్రెషన్ అంటారు. వదిలేసిన సంగతి ఆ గీతను వంకర చేయాలంటే, అది పంటనూ మార్చాలి, ఎరువుతోనూ కలిసి నడవాలి. బావివారూ కాలువవారూ సమానంగా ఎరువు వేసివుంటే, కాలువను మరిచినా బండి లెక్క చెడదు.

మరి ఉపాయం? పట్టికలో కాలువకు కూడా ఒక గడి వేయడం. కాని నేల సారం, రైతు ఓపిక వంటివి కొలవడం కష్టం. అలాంటప్పుడు ఏ మడికి ఎంత ఎరువో చీట్లు తీసి నిర్ణయించాలి. చీటీకి కాలువ ఎక్కడున్నదో తెలియదు! ఈ పద్ధతిని 1920లలో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా క్షేత్రంలో పనిచేస్తూ ఫిషర్ గారు నెలకొల్పారు. మన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందినది ఆయన వద్దనే.

ఇక మీ వంతు. బడిలో అన్ని తరగతులవారికీ ఒకే లెక్కల పేపరు ఇస్తే, పొడుగు పిల్లలకే ఎక్కువ మార్కులు వస్తాయి. పొడుగువల్ల లెక్కలు వస్తాయా? ఏ గడి మరిచామో రాసి, అమ్మకో నాన్నకో చూపండి.