మోడు చేసిన చేతులు

బోన్సాయ్ అనగానే మనకు అబ్బూరి ఛాయాదేవిగారి ‘బోన్‌సాయ్ బ్రతుకు’ గుర్తొస్తుంది. ఆ కథ తర్వాత కుండీలో కుదించిన చెట్టంటే మన సాహిత్యంలో ఆడదాని బతుకే. కాదనను. కానీ ఆ పోలికని అరిగేదాకా వాడేశాం. అదే కుండీలో మనం పట్టించుకోని సంగతి మరొకటుంది.

జపాన్ బోన్సాయ్‌లో జునిపర్‌కి పెద్ద పీట. పచ్చటి ఆకుల మధ్య ఎముకలా మెరిసే ఎండుకొయ్యే దాని అందం. ఎండిన కొమ్మని ‘జిన్’ అనీ, మాను మీద బెరడు పోయి బయటపడ్డ కొయ్యని ‘షారి’ అనీ అంటారు. కొండ అంచుల్లో గాలికీ మంచుకీ పిడుగుకీ తట్టుకుని బతికిన చెట్లకి ఇవి వాటంతటవే వస్తాయి. కుండీలో మాత్రం మనిషే చేస్తాడు. బతికున్న కొమ్మ బెరడు ఒలిచి, కొయ్యని పట్టకారుతో నారనారగా చీల్చి, సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణం పూస్తాడు. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే ఆ ద్రావణం ఆరాక తెల్లబడుతుంది, కొయ్య పుచ్చకుండా కాపాడుతుంది. మసాహికో కిమురా ఈ చెక్కుడుపనికి కరెంటు యంత్రాలు వాడి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. చూసినవాళ్లు ‘ఎన్ని తుఫాన్లకి ఓర్చుకుందో!’ అని మురిసిపోతారు.

నా తగువు అక్కడే. తుఫాను రాలేదు, పట్టకారు వచ్చింది. చీల్చిన చెయ్యి మాయమై, చెట్టు ఓర్పు ప్రదర్శనకి మిగిలింది.

భర్త పోయిన స్త్రీని మోడు అన్న భాష మనది. బొట్టు చెరిపిందెవరు? గాజులు పగలగొట్టిందెవరు? ‘మోడుబారింది’ అన్న క్రియలో వాళ్లకి చోటే లేదు. తనంతట తనే ఎండిపోయినట్టు!

ఇంతకంటే ఇబ్బందైన మాట మన గురించి. మన సంకలనాలూ సెమినార్లూ సమీక్షలూ రచయిత్రిని ఏమడుగుతున్నాయి? గాయం. దళిత, ముస్లిం, ఆదివాసీ స్త్రీ అయితే మరింత లోతైన గాయం. ఆమె వెటకారాన్నీ, ఎత్తుగడనీ, శిల్పాన్నీ పక్కకి నెట్టి, ‘వేదన’ అనే ద్రావణం పూసి తెల్లగా నిలబెడుతున్నాం. పితృస్వామ్యం చీల్చినదానికి మనం మెరుగు పెడుతున్నాం.

గాయం చెప్పకపోతే స్త్రీవాదం ఎక్కడిదంటారా? చెప్పాల్సిందే, చేసినవాళ్ల పేరుతో సహా.

జునిపర్ పనివాళ్లకి ఒక నియమముంది. చెక్కడానికి ముందు, వేళ్లనించి ఆకులకి నీరు మోసే జీవనాడి ఏ దారిన పోతోందో వెతుకుతారు. అది తెగితే దాన్ని నమ్ముకున్న పచ్చదనమంతా ఎండిపోతుంది. చెట్టు బతికేది తెల్లకొయ్య పక్కన ఎర్రగా పాకే ఆ సన్నటి పాయలోనే. మన విమర్శకి ఆపాటి జాగ్రత్త కూడా లేదు.

ఒక స్త్రీ రచన గురించి రాసేటప్పుడు ముందు ఆ నాడి ఎక్కడుందో రాద్దాం. తర్వాత పట్టకారు ఎవరి చేతిలో ఉందో రాద్దాం. మన చేతిలోనే ఉంటే కింద పెడదాం.