మూగజీవి కూడా అమానతే

ఆ మధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక మా మొహల్లా యువకుడొకరు నా దగ్గరికి వచ్చాడు. "మౌలానా, పిల్లలు ముచ్చటపడ్డారని మెయిన్ కూన్ పిల్లిని తెచ్చాం. ఇప్పుడు సాకలేకపోతున్నాం. మార్కెట్ దగ్గర వదిలేస్తే గునాహ్ అవుతుందా? కట్టేసి మాడ్చి చంపితేనే కదా గునాహ్!" అన్నాడు.

అతని మనసులో ఉన్న హదీసు మనందరికీ తెలిసిందే. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు, పురుగూ పుట్రా తిని బతకడానికి దాన్ని వదలనూ లేదు. పిల్లి చనిపోయింది. ఆ కారణంగా ఆమె నరకం పాలైందని దైవప్రవక్త (స) తెలిపారు. ఈ హదీసు బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది.

వదిలేస్తే బాధ్యత తీరిపోతుందని ఆ యువకుడు అనుకున్నాడు. కాని వదిలిన జీవి బతకగలగాలి కదా! మెయిన్ కూన్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు జాతి. అక్కడి మంచుకు తగినట్టు దట్టమైన బొచ్చు, వెడల్పాటి పాదాలు ఉంటాయి. మగపిల్లి 6 నుంచి 8 కిలోలు తూగుతుంది. పూర్తిగా ఎదగడానికి 3 నుంచి 5 ఏళ్ళు పడుతుంది. ఇంట్లో గిన్నెలో తిని పెరిగిన దాన్ని మన మే నెల ఎండలో, వీధికుక్కల మధ్య విడిచిపెట్టడం విముక్తి కాదు, చావుకు అప్పగించడమే.

కాబట్టి తెచ్చే ముందే ఆలోచించాలి. దాన్ని వారానికి రెండు మూడుసార్లు దువ్వాలి. లేకపోతే బొచ్చు ఉండలు కట్టి చర్మం పాడవుతుంది. పాలూ అన్నంతో సరిపెట్టకూడదు. మాంసంలో ఉండే టారిన్ అందకపోతే పిల్లికి చూపు, గుండె దెబ్బతింటాయి. ప్రేమతో మనం పెట్టే కుర్మాలోని ఉల్లి, వెల్లుల్లి దానికి విషం. ఈ జాతిలో గుండె కండరం మందమయ్యే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. అందుకు కారణమైన జన్యులోపాన్ని 2005లో గుర్తించారు. తల్లి పిల్లికి, తండ్రి పిల్లికి ఆ పరీక్ష జరిగిందా అని అడిగి మరీ తెచ్చుకోవాలి.

పిల్లుల క్రయవిక్రయాలపై ఫిఖహ్ పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. అత్యధికులు అనుమతించారు. అయితే అతిథులకు చూపించుకోవడానికి వేలు పోసి కొనడం వేరు, ఒక ప్రాణి భారాన్ని తలకెత్తుకోవడం వేరు. అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకోబోతుండగా పిల్లి వచ్చింది. ఆయన నీటిపాత్రను దాని వైపు వంచి పట్టారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధం కాదని, అది మన మధ్య తిరిగే జీవి అని ప్రవక్త (స) చెప్పినట్టు వివరించారు. ఆ పిల్లి ఏ జాతిదో, ధర ఎంతో ఆయనకు అవసరం లేకపోయింది.

ఆ యువకునితో నేను ఒకటే అన్నాను: "బేటా, సాకగలిగిన ఇల్లు వెతికి అప్పగించు. అది దొరికేదాకా తిండి, నీళ్ళు, నీడ నీ జిమ్మా. నీ పిల్లలు చూస్తున్నారు. ముచ్చట తీరాక ప్రాణిని పారేయవచ్చని వాళ్ళకు నేర్పకు."

సోదర సోదరీమణులారా! ఇంట్లో పిల్లి ఉన్నవారు ఈరోజు మస్జిదుకు బయలుదేరే ముందు దాని గిన్నెలో నీళ్ళున్నాయో లేదో ఒకసారి చూడండి. అల్లాహ్ మనందరికీ అమానతును నిలబెట్టుకునే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.