గాలి అంత తేలికేం కాదు!

మన భాషలో గాలికి పెద్దగా గౌరవం లేదు. నమ్మలేని మాటలు గాలికబుర్లు. పనీపాటా లేని షికార్లు గాలితిరుగుళ్లు. దేన్నయినా పట్టించుకోకపోతే గాలికొదిలేసినట్టు. కంటికి కనిపించదు, చేతికి దొరకదు కాబట్టి గాలంటే మనకంత చులకన. కానీ ఓ చిన్న లెక్క చూడండి. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలినంతా తూకం వేయగలిగితే 30 కిలోల పైమాటే! పాతిక కిలోల బియ్యం బస్తా కన్నా బరువన్నమాట.

ఈ బరువు సంగతి సైన్సు పుస్తకంలో చదివి మరిచిపోయేది కాదు. పూడిక తీయడానికి పాత బావిలోకి దిగిన మనిషి పైకి రాలేదనీ, ఏమైందో చూద్దామని దిగిన తమ్ముడూ రాలేదనీ, ఇద్దరి కోసం దిగిన పక్కింటి కుర్రాడు కూడా పోయాడనీ పేపర్లో చదువుతూనే ఉంటాం. బావిలో దెయ్యముందనే ఊళ్లూ ఉన్నాయి. అక్కడున్నది దెయ్యం కాదు, బరువైన గాలి.

ఏ వాయువు ఎంత బరువో తేల్చే సూత్రం 1811లోనే దొరికింది. ఉష్ణోగ్రత, పీడనం సమానంగా ఉంటే, ఒకే పరిమాణంలో ఉన్న ఏ వాయువులోనైనా అణువుల సంఖ్య ఒక్కటేనన్నాడు ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో. వంద నిమ్మకాయలూ వంద కొబ్బరికాయలూ లెక్కకు సమానమే. తూకానికి కాదుగా! వాయువులూ అంతే. అణువు బరువైతే వాయువూ బరువే. మనం పీల్చే గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, ఒక శాతానికి కాస్త తక్కువగా ఆర్గాన్. అన్నీ కలిపి సగటు తీస్తే గాలి అణుభారం సుమారు 29. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు. 29 కన్నా తక్కువున్నది పైకి తేలుతుంది, ఎక్కువున్నది కిందికి దిగుతుంది. బెలూన్లలో నింపే హీలియం 4. నీటి ఆవిరి 18, అందుకే తేమగాలి పొడిగాలి కన్నా తేలిక. కార్బన్ డయాక్సైడ్ 44.

మరి బరువైనవన్నీ అడుగుకు చేరితే, మనమంతా కార్బన్ డయాక్సైడ్ మడుగులో మునిగి ఉండాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. అలా జరగదు. అణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో ఒకదాన్నొకటి ఢీకొంటూ తిరుగుతుంటాయి. దానికి తోడు ఈదురుగాలులూ సుడిగాలులూ కవ్వంలా చిలుకుతుంటాయి. అందుకే సుమారు 100 కిలోమీటర్ల ఎత్తుదాకా ప్రధాన వాయువుల పాళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకసారి బాగా కలిసిన వాయువులు వాటంతటవి విడిపోవు.

చిక్కంతా గాలి ఆడని చోటే. వాడకం లేని బావిలో ఆకులూ చెత్తా కుళ్లుతుంటే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడేసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. కవ్వం లేదు కాబట్టి అది అడుగునే పేరుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. మామూలు గాలిలో 0.04 శాతమే ఉండే ఈ వాయువు 10 శాతం దాటితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. ఆఫ్రికాలోని కామెరూన్‌లో 1986 ఆగస్టు 21 రాత్రి న్యోస్ అనే సరస్సు అడుగు నుంచి ఈ వాయువే ఉబికి, వరదలా లోయల్లోకి పారింది. సుమారు 1,700 మంది ప్రాణాలు కోల్పోయారు.

మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకుల్లో మరో యముడు ఉంటాడు. పేరు హైడ్రోజన్ సల్ఫైడ్, అణుభారం 34. కోడిగుడ్డు కుళ్లిన కంపు కొడుతుంది. అయితే మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారి ఆ వాసన తెలియదు. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్లోకి దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు చనిపోయారు. వాళ్లను కాపాడబోయిన ఓ ఆటోడ్రైవరూ బతకలేదు. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని ఇలా దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా దించేవాళ్లు దించుతూనే ఉన్నారు.

ఇక మన వంటింటి సంగతి. సిలిండర్లో ఉండే ప్రొపేన్ 44, బ్యూటేన్ 58. లీకైతే ఈ గ్యాసు నేలబారుగా పాకి మంచాల కిందా మూలల్లోనూ చేరుతుంది. ఎత్తులో ఉన్న కిటికీ ఒక్కటీ తీసి ఊరుకుంటే లాభం లేదు. తలుపులూ బార్లా తీయాలి. రెగ్యులేటర్ ఆపాలి. స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. బయటికొచ్చాకే 1906కు ఫోన్ చేయాలి. పైపుల్లో వచ్చే గ్యాసు లెక్క వేరు. అందులో ఎక్కువగా ఉండే మీథేన్ 16 కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుంది.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌ను కమ్మేసిన మిథైల్ ఐసోసయనేట్ 57. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్.వెంకటాపురాన్ని చుట్టుముట్టిన స్టైరీన్ 104. రెండూ గాలి కన్నా బరువైనవే, రెండూ నేలను అంటిపెట్టుకుని ఇళ్లలోకి వచ్చినవే. అలాంటప్పుడు తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, గాలి వీచే దిశకు అడ్డంగా, వీలైతే మెరక వైపు వెళ్లాలి. పల్లంలో దాక్కోకూడదు. అగ్నిప్రమాదంలో మాత్రం దీనికి తలకిందులు. వేడెక్కిన పొగ తేలికై పైకి చేరుతుంది కాబట్టి వంగి, నేలమీద పాకుతూ బయటపడాలి.

బావిలోకి దీపం దించి చూడమని పెద్దలు చెప్పేవారు. మంచి మాటే, కానీ సగం మాట. దీపం ఆరిపోతే దిగకూడదు, నిజమే. వెలిగిందని ధీమాగా దిగడానికీ లేదు. విషవాయువుల జాడను దీపం చెప్పలేదు. సెప్టిక్ ట్యాంకు దగ్గరైతే మీథేన్ ఉంటుంది కాబట్టి అసలు నిప్పే చూపించకూడదు. దిగినవాడు పలకకపోతే వెనకాలే దూకడం సాహసం కాదు, మరో చావు. 101కో 112కో ఫోన్ చేసి, ఆక్సిజన్ తొడుక్కున్న అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా మిగతావాళ్లను గట్టుమీదే ఆపండి. అన్నదమ్ముల్ని అలా పట్టుకుని ఆపడం ఎంత కష్టమో ఊహించగలం. కానీ ఆ నాలుగు నిమిషాల కాఠిన్యమే ఇంట్లో రెండో దీపం ఆరకుండా కాపాడుతుంది.