బజారు దారి ఎవరిని అడిగారు?

గల్ఫ్ నుంచి వచ్చేసిన వ్యక్తిని మన వీధుల్లో అందరూ అడిగే మాట ఒకటే: “మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?” ఇక వెళ్ళేది లేదని తెలిసిన నాటి నుంచి సలాములు కూడా తగ్గిపోతాయి. 2020లో కరోనా వల్ల పని పోయి తిరిగొచ్చిన కొందరు, ఈ ప్రశ్నకు జడిసి, జుమా నమాజుకు పక్క మొహల్లా మసీదుకు వెళ్ళడం మేము చూశాం.

అలాంటివారికి మేము ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన ఉదాహరణ హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గారిది. క్రీ.శ. 622లో మక్కా నుంచి మదీనాకు హిజ్రత్ చేసినప్పుడు ఆ వర్తకుడు ఆస్తిపాస్తులు వదిలి వచ్చారు. మదీనాలో బజారు ఎక్కడో కనుక్కుని, ఖైనుఖా తెగవారి బజారుకు వెళ్ళి, బేరసారాలు చేసి కొంత పనీరు, నెయ్యి మిగుల్చుకుని వచ్చారు. కొన్నాళ్ళకే ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్ ఇచ్చి నికాహ్ చేసుకున్నారు. మీరూ అలాగే లేచి నిలబడండి అని చెప్పి ఊరుకునేవాళ్ళం. చెప్పేవాడికి చిల్లిగవ్వ ఖర్చులేని హితవు!

అది సగం కథే. ఆయన బజారు దారి అడిగింది ఎవరిని? దైవప్రవక్త (స) ముహాజిర్లను, అన్సార్లను సోదరులుగా జతపరచినప్పుడు తనకు సోదరుడైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) గారిని. అన్సార్లలో అధిక సంపన్నుడైన ఆ సఅద్, తన సొమ్ములో సగం తీసుకోమని ముందే చెప్పి ఉన్నారు. సగం సొమ్ము ఇస్తామన్నా వద్దని బజారుకు వెళ్ళిన మనిషి వేరు. తలుపులన్నీ మూసుకుపోయి బజారున పడ్డ మనిషి వేరు. మొదటివాడు గిట్టని బేరాన్ని వదులుకోగలడు. రెండోవాడు వడ్డీ వ్యాపారి చూపిన చోటల్లా సంతకం పెడతాడు.

ఆ సఅద్ గారి ఇంటి సంగతీ చూడండి. 625లో ఉహుద్ యుద్ధంలో ఆయన షహీద్ అయ్యారు. ఆస్తి అంతా ఆయన సోదరుడు తీసేసుకుంటే, భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని ప్రవక్త (స) వద్దకు వచ్చి మొరపెట్టుకున్నట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. వారసత్వ ఆయతు అవతరించాక కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు దక్కాయి. సగం ఇస్తానన్న ఇంటివారే మూడేళ్ళు తిరిగేసరికి చేయి చాచవలసి వచ్చింది. కనుక ఇవాళ ఇచ్చే ఇల్లు ఏది, రేపు అడిగే ఇల్లు ఏది అన్నది మన లెక్కల్లో లేదు.

మా మొహల్లాలో ఒక కిరాణా దుకాణదారు, తిరిగొచ్చిన ఓ ఎలక్ట్రీషియన్‌కు తన దుకాణం అరుగును ఆరు నెలలు అద్దె లేకుండా ఇచ్చారు. సామాను అమ్మేవారి దగ్గరికి వెంట వెళ్ళి, ఈయనకు అరువివ్వండి, పూచీ నాది అన్నారు. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తూ ఆయన నిలదొక్కుకున్నారు. ఇప్పుడు జుమాకు మళ్ళీ మా మసీదుకే వస్తున్నారు.