పడ్డాక కాదు, ముందే రాయండి

ఎండలు ముదిరి భూగర్భ జలం అడుగంటే నెలల్లోనే పల్లెల్లో బోరు బండ్లు ఎక్కువగా తిరుగుతాయి. బడులకు సెలవులిచ్చేదీ అప్పుడే. అమ్మానాన్నల వెంట చేనికి వచ్చిన పిల్లలు ఆడుకునే చోటే, నీళ్లు పడక వదిలేసిన బోరు నోరు తెరుచుకుని ఉంటుంది. బోరు ఫెయిలైందని తేలగానే కేసింగ్ పైపును పైకి లాగి ఇంకోచోట వాడుకుంటారు. అప్పు తెచ్చి తవ్వించిన రైతుకు ఆ పైపు ఖరీదు తక్కువేం కాదు. మిగిలిన గుంత మీద ఓ గోనెసంచి, నాలుగు కంపలు వేస్తే అదే ఎక్కువ.

2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప బోరుబావిలో పడింది. రెండు రోజులకు పైగా యంత్రాంగమంతా శ్రమించినా ప్రాణాలతో దక్కలేదు. 2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పొడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు, నీళ్లు పడలేదని అప్పుడే వదిలేసిన బోరులో జారిపోయాడు. మర్నాడు శవాన్నే పైకి తీశారు. వినుకొండ మండలం ఉమ్మడివరంలో 2017 ఆగస్టులో పడ్డ రెండేళ్ల బాబును మాత్రం సహాయ సిబ్బంది సజీవంగా బయటికి తెచ్చారు. అంత అదృష్టం అందరు బిడ్డలకూ ఉండదు. పక్కన గొయ్యి తవ్వుతుంటే బండరాయి అడ్డుపడుతుంది, మట్టిపెళ్లలు లోపలికి రాలతాయి, బిడ్డ ఇంకా కిందికి జారిపోతుంది. గంట గడిచేకొద్దీ ఊపిరి అందదు.

ఈ ఊళ్ల పేర్లు మనందరికీ తెలిసింది బిడ్డ పడ్డాకే. ఆ రోజుల్లో పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. ఆ రాతలు ఆ తల్లుల కడుపుకోత తీర్చలేదు. మూత లేని బోరు గురించి నాలుగు వాక్యాలు రాయాల్సింది పడకముందు.

ముందు రాస్తే ఏమవుతుందో చెప్పడానికి సాక్ష్యం సుప్రీంకోర్టులోనే ఉంది. బోరుబావుల్లో పిల్లలు పడిపోవడం గురించి 2009లో తనకు అందిన ఒక లేఖనే పిటిషన్‌గా స్వీకరించి, 2010 ఫిబ్రవరిలో ఆ కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేయడానికి 15 రోజుల ముందే అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. తవ్వేచోట బోర్డు పెట్టి, చుట్టూ కంచె వేయాలి. కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి, పైన గట్టి ఉక్కు మూత బిగించాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. ఉమ్మడి రాష్ట్రంలో బోర్ల తవ్వకాన్ని నియంత్రించే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002లోనే వచ్చింది. కాబట్టి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఉన్నది అమలు కావడం లేదు, అడిగేవాళ్లు లేరు.

అడగకపోవడానికి కారణం ఊళ్లో అందరికీ తెలుసు. ఆ బోరు బాబాయిదో, పక్కచేను అన్నదో అయి ఉంటుంది. ఇప్పటికే నష్టపోయిన మనిషి మీద ఫిర్యాదు ఏమిటని వెనకాడతాం. ఆ మొహమాటం మంచితనం నుంచే పుట్టిందని ఒప్పుకుంటాం. అయినా దాని పక్కన ఒక పసిప్రాణాన్ని పెట్టి చూడండి. ముందు ఆ రైతుతో మాట్లాడండి, పూడ్చడానికి ఓ చెయ్యి వేయండి. మట్టి తోలించే ఖర్చు కూడా భరించలేనివాడైతే ఆ పని పంచాయతీ చేపట్టాలి. అతను వినకపోతేనో, పంచాయతీ కదలకపోతేనో రాయక తప్పదు.

రాసేటప్పుడు కోపం కన్నా వివరం ముఖ్యం. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎవరి చేను, ఎన్నాళ్లుగా తెరిచి ఉంది, బడికో అంగన్‌వాడీకో ఎంత దూరం అన్నవి ఉండాలి. ఫొటో జతచేయండి. పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే అదే కాగితాన్ని కలెక్టరేట్‌కు, జిల్లా పత్రికకు పంపండి. ఈలోగా ఆ బోరు మీద బరువైన బండ ఒకటి పెట్టించండి.